గట్టు మీద రెండో ఆవిడ

జనవరి 12, సోమవారం

దుప్పట్లు ఉతికి ఆరేశాను. పప్పు డబ్బాలో పురుగు కనిపిస్తే ఎండలో పోశాను. ఆయన చొక్కాలకు ఊడిన గుండీలు కుట్టాను. వంటింటి కొళాయికి వాషరు నేనే మార్చాను. ప్లంబరు కోసం కూర్చుంటే పుణ్యకాలం కాస్తా గడిచిపోతుంది. ఆవిడ గది ఊడ్చి, తడిగుడ్డ పెట్టాను.

ఖాళీ గదిని వారం వారం తుడవడం ఎందుకని ఆయన అడిగారు. మనిషి ఉన్నదీ పోయిందీ దుమ్ముకి తెలియదు కదా అన్నాను. అది ఆయన తల్లి గది. ఆవిడ పోయి రెండు నెలలు దాటింది.

అమ్మాయి ముఖం మాడ్చుకుని ఇంటికొచ్చింది. యుద్ధభూమి చూడటానికి వచ్చినవాళ్ళు టికెట్టు డబ్బులు వాపసు అడిగారట.

"చూడ్డానికి ఏముందమ్మా అక్కడ? గడ్డి. నాలుగు ఫిరంగులు, ఒక రాతి స్తంభం, మిగతాదంతా గడ్డి. 'ఇంతేనా?' అంటారు. ఇంతేనండీ, మూడొందల ఏళ్ళ కిందట వచ్చుంటే బాగా చూసేవాళ్ళు అన్నాను."

"అలా అంటారా ఎవరైనా?" అన్నారు వాళ్ళ నాన్న.

"మనసులో అన్నాను నాన్నా."

నవ్వించింది గానీ దాని గుండెల్లో రాయి పడి ఉంది. వేసవిలోగా జనం పెరగకపోతే గైడ్లలో ఒకరిని తీసేస్తామని సూపరింటెండెంట్ చెప్పాడట. ఆ ఒకరు ఎవరో అడగక్కర్లేదు. అందరికన్నా చివర చేరింది ఇదే.

జనవరి 16, శుక్రవారం

ఇస్త్రీ అయింది. వంటింటి అద్దాలు తుడవలేదు, రేపు.

అమ్మాయి స్వెట్టరు మరిచిపోయి వెళ్ళింది. చలిగాలి మొదలైందని సందెవేళ నేనే తీసుకుని బయలుదేరాను. రోడ్డు మీదుగా వెళ్తే చుట్టు. మన సందు చివర కూలిన గోడ దాటి, యుద్ధభూమి గట్టెక్కి అడ్డంగా నడిస్తే దగ్గర. బూడిదరంగు శాలువా తల మీదుగా కప్పుకుని వడివడిగా పోతున్నాను. అవతల కందకానికి ఆ పక్కన జనం నిలబడే వేదిక ఉంది కదా, అక్కడి నుంచి ఒక్కసారిగా కేకలు.

సంగతేమిటంటే అమ్మాయి సరిగ్గా అప్పుడే ఒక కథ చెబుతోందట. యుద్ధం ముగిసిన సాయంత్రం ఒకావిడ వచ్చి, పడిపోయినవాళ్ళ ముఖాలు ఒక్కొక్కటే చూసుకుంటూ ఈ గట్టంతా తిరిగిందనీ, ఎవరి కోసం వెతికిందో ఇప్పటికీ ఎవరికీ తెలియదనీ. అంతా దాని సొంత కవిత్వం. ఆ మాట పూర్తయ్యేసరికి గట్టు మీద నేను.

రాత్రి అన్నం దగ్గర నా పక్కకి జరిగింది.

"అమ్మా, రేపు కూడా రావా?"

"రేపు స్వెట్టరు గుర్తుపెట్టుకుని తీసుకెళ్ళు."

"స్వెట్టరు కోసం కాదు."

"ఈ వయసులో నన్ను దయ్యం వేషం వెయ్యమంటావా?"

"వేషమేం అక్కర్లేదమ్మా. ఉన్నదున్నట్టు వస్తే చాలు."

ఆయన పడీ పడీ నవ్వారు. పొలమారి నీళ్ళు తాగి మళ్ళీ నవ్వారు. ఆవిడ పోయాక ఈ ఇంట్లో ఇంత నవ్వు వినపడటం ఇదే మొదలు. సరేనన్నాను. పిల్ల ఉద్యోగం కోసమే.

జనవరి 17, శనివారం

అద్దాలు తుడిచాను. కూర రెండు పూటలకీ చేశాను, సాయంత్రం ఇంట్లో ఉండను కాబట్టి.

అమ్మాయి నాకు నియమాలు చెప్పింది. కళ్ళజోడు తీసేయాలి, టార్చీ పడితే అద్దాలు మెరుస్తాయి. ముఖం చూపించకూడదు. మధ్యలో ఆగకూడదు. వెనక్కి తిరగకూడదు. ఎవరు కేకేసినా పలకకూడదు. కూలిన గోడ దగ్గర మొదలుపెట్టి, చివరి ఫిరంగి దాటాక పొదల చాటున దిగి ఇంటికి వచ్చేయాలి.

పలకకూడదన్న నియమం నాకు కొత్తగా నేర్పక్కర్లేదు. పద్నాలుగేళ్ళ అనుభవం.

జనవరి 19, సోమవారం

బియ్యం ఏరాను. గుమ్మం చెక్కకు మేకు కొట్టాను. ఆవిడ గది తుడిచాను.

మంచం కింద తుడుస్తుంటే పాత సంగతంతా తలకెక్కింది. ఒకసారి రాసి పడేస్తే దిగిపోతుందేమో.

గొడవ పెద్దదేం కాదు. నాకు ఆపరేషనై ఇంటికి వచ్చేసరికి ఆవిడ నా వంటిల్లంతా తన పద్ధతిలో సర్దేశారు. నా వంటింట్లో చెయ్యి పెట్టొద్దన్నాను. "నీ వంటిల్లయితే ఇక నీతో నాకు మాటలేంటి?" అన్నారు. మాటలేంటి అన్నది ఆవిడ. మాట మానింది ఆవిడ. మానినవాళ్ళే మొదలుపెట్టాలి, న్యాయం అదే. నేను ఎన్నిసార్లు లెక్క వేసినా బాకీ ఆవిడ వైపే తేలింది.

అలాగని ఇల్లేమీ ఆగిపోలేదు. "ఎవరికైనా టీ కావాలంటే పొయ్యి మీద ఉంది" అనేదాన్ని గాలితో. "ఎవరైనా కిటికీ వేస్తే బాగుండు" అనేవారు ఆవిడ గోడతో. ఎవరైనా అంటే ఎవరో మా ఇద్దరికీ తెలుసు. చుట్టాలు వచ్చినప్పుడే చిక్కు. పాపం వాళ్ళే లేచి వెళ్ళి కిటికీ వేసి వచ్చేవారు.

బజారుకి కలిసే వెళ్ళేవాళ్ళం. నాది వడి నడక, ఆవిడకి ఎడమ మోకాలు నొప్పి. నేను ముందు, ఆవిడ వెనక. ఎవరైనా చూస్తే తెలియని మనుషులనుకునేవారు.

రాశాను. దిగలేదు.

జనవరి 24, శనివారం

వేదిక నిండిందట. సూపరింటెండెంట్ స్వయంగా వచ్చి నిలబడ్డాడట. అమ్మాయి ఇంటికి రాగానే నన్ను వాటేసుకుంది.

"చెప్పకుండా భలే చేశావమ్మా! ఎవరా వెనకావిడ? పక్కింటి పిన్నిగారా?"

"ఏ వెనకావిడ?"

"అబ్బో, నా దగ్గరా దాపరికం? నేను జనం వైపు తిరిగి మాట్లాడుతుంటాను కాబట్టి చూడలేదు. వాళ్ళే అన్నారు. ఒకాయనైతే గొడవపడ్డాడు కూడా, 'కథలో ఒక్కావిడే అన్నారు, గట్టు మీద ఇద్దరున్నారేం' అని."

"ఎవరూ లేరే. పొద అయి ఉంటుంది."

"పొద నడవదమ్మా."

జనవరి 25, ఆదివారం

పగటిపూట గట్టు మీదకి వెళ్ళి చూసి వచ్చాను. రెండో ఫిరంగి దగ్గర మనిషెత్తు పొద ఉంది. గాలికి ఊగుతోంది. అదే.

సాయంత్రం నడిచాను. మళ్ళీ ఇద్దరన్నారట. అదే.

జనవరి 30, శుక్రవారం

పప్పు మాడింది. ఇరవయ్యేళ్ళలో నా చేతిలో పప్పు మాడటం ఎప్పుడూ లేదు.

వెనకావిడ కొంచెం వంగి నడుస్తోందట. ఎడమ మోకాలి మీద చెయ్యి వేసుకుంటోందట. ముందావిడ ఆగడం లేదేమని వేదిక మీద ఎవరో పసిపిల్ల ఏడ్చిందట.

అమ్మాయి ఇది చెబుతున్నప్పుడు నా ముఖం చూడలేదు. పళ్ళెంలో మెతుకులు ఒక వరసలో పేర్చుకుంటూ చెప్పింది.

జనవరి 31, శనివారం

రెండో ఫిరంగి దగ్గర పొదని తోటమాలి కిందటి ఆదివారం నేను చూసి వచ్చిన కాసేపటికే కొట్టేశాడట.

ఫిబ్రవరి 1, ఆదివారం

ఆయన్ని వేదిక మీదకి వెళ్ళి చూడమన్నాను. "నేనెందుకు?" అన్నారు. "మీరు అబద్ధం ఆడలేరు కాబట్టి" అన్నాను. టికెట్టు కొనుక్కుని వెళ్ళారు పాపం, సొంత పెళ్ళాన్ని చూడటానికి.

నేను ఇంటికి చేరిన చాలాసేపటికి వచ్చారు. చెప్పులు విప్పకుండానే కుర్చీలో కూర్చున్నారు.

"ఎంతమంది కనిపించారు?"

"దూరం కదా."

"ఎంతమంది?"

"నువ్వే. నువ్వొక్కదానివే ఉన్నావు."

స్నానానికని వెళ్ళి కొళాయి తిప్పారు. తిప్పింది తిప్పినట్టే ఉంచారు. ట్యాంకు సగానికి పైగా ఖాళీ అయింది. తువ్వాలు మాత్రం పొడిగానే ఉంది.

ఫిబ్రవరి 2, సోమవారం

పప్పు ఎండబెట్టాను. కర్టెన్లు ఉతికాను. ఆవిడ గది తుడవబోతే అప్పటికే తుడిచి ఉంది. మూలల్లో చెత్త అలాగే ఉంది, మగవాళ్ళ తుడుపు. మళ్ళీ తుడవలేదు.

ఫిబ్రవరి 8, ఆదివారం

ఇన్నేళ్ళుగా ఈ యుద్ధభూమి వెనక సందులోనే ఉంటున్నా, టికెట్టు కొని లోపలికి వెళ్ళి చూసింది లేదు. ఇవాళ పొద్దున అమ్మాయి వెంట అందరిలో ఒకదానిగా తిరిగాను. నన్ను గుర్తుపట్టనట్టే నటించింది. "అమ్మగారూ, గీత దాటకండి" అని మందలించింది కూడా.

స్తంభం మీద సేనాపతుల పేర్లన్నీ చెక్కి ఉన్నాయి. చివర 'మరియు ఇతరులు' అని ఉంది. ఆ ఇతరులు ఆరువేలట.

అమ్మాయి చెప్పింది బాగా చెప్పింది. ఇద్దరు రాజులూ ముందుగా ఆయుధం ఎత్తబోమని ఒట్టు పెట్టుకున్నారట. ముందు ఎత్తినవాడిదే తప్పని లెక్క. అందుకని రెండు సైన్యాలూ ఎదురెదురుగా కదలకుండా నిలబడ్డాయట. వాన పడింది. తిండిగింజలు అయిపోయాయి. నిలబడ్డచోటే జబ్బుపడి పోయినవాళ్ళున్నారట. ఆఖరికి ఎవరు మొదలుపెట్టారో తేలలేదు. ఈ వైపు రాతల్లో ఆ వైపు వాళ్ళని ఉంటుంది, ఆ వైపు రాతల్లో ఈ వైపు వాళ్ళని.

ఎంత మూర్ఖత్వం! ఎవడో ఒకడు తగ్గితే అందరూ ఇంటికి పోయి అన్నం తినేవాళ్ళు కదా అనిపించింది.

సాయంత్రం నడక అయింది. ఇద్దరు.

ఫిబ్రవరి 11, బుధవారం

పార్కు నుంచి నోటీసు వచ్చింది. మార్చిలో గట్టు మీద గడ్డిపిట్టలు గూళ్ళు కడతాయి. అందుకని ఈ నెలాఖరు నుంచి గట్టు మూసేస్తారు. సాయంత్రం టూర్లు ఇక లేవు. మళ్ళీ ఎప్పుడో తెలియదు.

పీడ వదిలిందని ఆయనతో అన్నాను. ఆయన పేపరు చదువుతూ ఉండిపోయారు. పేపరు తలకిందులుగా లేదు గానీ నిన్నటిది.

ఫిబ్రవరి 14, శనివారం

ఇవాళ జరిగింది జరిగినట్టు రాస్తాను.

వేదిక మీదకి ఒక అక్కా తమ్ముడూ వచ్చారట. పగలంతా పిట్టల్ని చూసి, సాయంత్రం టూరుకి ఉండిపోయారు. అక్కకి పుట్టుకతో వినపడదు, పెదాల కదలికని బట్టి మాటలు గ్రహిస్తుంది. మెడలో బైనాక్యులర్స్ ఉన్నాయి. నేను గట్టెక్కగానే ఆవిడ బైనాక్యులర్స్ కళ్ళకి పెట్టుకుని, ఇక దించలేదట. నేను దిగిపోయాక తమ్ముడితో చేతులతో ఏదో చెప్పింది. అతను అమ్మాయి దగ్గరకి వచ్చాడు.

"మా అక్క అడుగుతోందండీ, ముందావిడకి కూడా వినపడదా అని."

"ఎందుకలా అడిగారు?" అంది అమ్మాయి.

"వెనకావిడ దారి పొడవునా మాట్లాడుతూనే ఉందట. ఒకే మాట. 'ఎవరైనా కాస్త ఆగితే బాగుండు. ఎవరైనా కాస్త ఆగితే బాగుండు.' అదేనట."

అమ్మాయి ఇది చెప్పి చెంచా కింద పెట్టింది. ఆయన లేచి పెరట్లోకి వెళ్ళిపోయారు. నేను గిన్నెలు తోమాను. తోమినవే మళ్ళీ తోమాను.

ఫిబ్రవరి 15, ఆదివారం

కథలు అల్లడం దాని వృత్తి. లేని ఆవిడని గట్టెక్కించింది. ఇంకొకావిడని ఎక్కించలేదా? తండ్రీ కూతురూ కలిసి నా మనసు కరిగించాలని చూస్తున్నారు. పొద్దున్నే నిలదీశాను.

"నువ్వే అల్లావు కదూ?"

"ఏంటమ్మా?"

"ఆ మాట. మీ నానమ్మ అలా మాట్లాడుతుందని ఈ ఇంట్లో వాళ్ళకి తప్ప ఊళ్ళో ఇంకెవరికి తెలుసు?"

దానికి కోపం వచ్చింది. కోపం వస్తే అచ్చం వాళ్ళ నానమ్మే, ముక్కు ముందు ఎర్రబడుతుంది.

"నేనే అల్లితే ఇంతకన్నా మంచి మాట అల్లనా అమ్మా? నన్ను క్షమించు తల్లీ అనో, నువ్వే నా కూతురివి అనో ఏడిపించేదాన్ని. 'ఎవరైనా కాస్త ఆగితే బాగుండు', ఇదేం మాట? చచ్చిపోయి వచ్చిన మనిషి అనే మాటేనా ఇది?"

నిజమే. చచ్చిపోయినా ఎవరైనా అనే అంటున్నారు. మొండితనంలో ఆవిడ తర్వాతే ఎవరైనా.

సాయంత్రం ఒంట్లో బాగాలేదని వెళ్ళలేదు. ఒంట్లో బాగానే ఉంది.

ఫిబ్రవరి 16, సోమవారం

పనులేవీ రాయను. అన్నీ చేశాను.

నవంబరులో ఆ ఆఖరి రాత్రి ఆవిడ గుమ్మం మీదుగా నేను వెళ్తుంటే, "ఎవరైనా లైటు తీసేస్తే బాగుండు" అన్నారు. లోపలికి వెళ్ళి తీశాను. ఏమీ అనలేదు. అనడానికేముంది, నన్ను అడగలేదుగా. ఎవరినైనా అడిగారు. పొద్దున టీ తీసుకెళ్ళి బల్ల మీద పెట్టి, "ఎవరికైనా టీ చల్లారిపోతోంది" అన్నాను. రెండుసార్లన్నాను. రెండోసారి కాస్త గట్టిగా అన్నాను.

ఆ టీ ఎవరు పారబోశారో గుర్తులేదు.

ఫిబ్రవరి 20, శుక్రవారం

నడిచాను. మొదటి ఫిరంగి దగ్గర ఆగుదామనుకున్నాను. తుంపర పడుతోంది, తడుస్తానని ఆగలేదు.

ఫిబ్రవరి 21, శనివారం

తుంపర లేదు. పిల్ల ఉద్యోగానికి ముప్పని ఆగలేదు. నియమం నియమమే.

దానంతటదే ఆగేది కాదు నా నడక. ఎవరో తరుముతున్నట్టు పోతుంది. నిజానికి తరమడం లేదు, పిలుస్తున్నారు. పిలుస్తున్నారా? ఎవరైనా అంటే పిలుపు కింద లెక్కా? లెక్క కాదు. పేరు పెట్టి అనలేదు, వరస పెట్టి అనలేదు. పద్నాలుగేళ్ళూ అలా అంటే లెక్క కాలేదు, ఇప్పుడెలా అవుతుంది?

అయితే నేను అన్నవీ లెక్క కావు. టీ సంగతి కూడా.

ఫిబ్రవరి 22, ఆదివారం

వెనక్కి తిరిగాను.

అనుకుని చేసింది కాదు. మధ్యలో మెడ దానంతటదే తిరిగింది. కళ్ళజోడు ఇంట్లో ఉంది. గట్టూ గడ్డీ ఆకాశమూ కలిసిపోయి ఒకటే బూడిదరంగు. అందులో ఏదో ఉందంటే ఉంది, లేదంటే లేదు. కళ్ళు చిట్లించి చూశాను. చూస్తూ ఉండగానే వేదిక మీద నవ్వులు మొదలయ్యాయి. "దయ్యానికి మా పెద్దమ్మ పోలికలున్నాయిరా" అని ఎవరో అరిచారు. శాలువా లాక్కుని పరిగెత్తాను. నేను పరిగెడితే వెనక మోకాలు నొప్పి మనిషి ఏమైపోవాలి అన్నది ఇంటికి చేరాక గాని తట్టలేదు.

ఫిబ్రవరి 23, సోమవారం

సూపరింటెండెంట్ కబురు పెట్టాడు. ఆఫీసుకి వెళ్ళాను. నా కన్నా చిన్నవాడే, బట్టతల. అమ్మాయి గోడకి అంటుకుని నిలబడి ఉంది.

"మీరేనా అండీ దయ్యం?"

"అవునండీ."

"కూర్చోండి. మంచినీళ్ళు తాగుతారా?" దయ్యానికి మర్యాద చేయడం అతనికి కొత్తలా ఉంది. "చూడండమ్మా, ఈ వేషాలకి పైనుంచి అనుమతేం లేదు. కానీ జనం వచ్చారు. మీ అమ్మాయిని తీసేయడం లేదు, వచ్చే నెల నుంచి పిట్టలు చూపించే టూరు ఇస్తున్నాను. ఈ వారం టికెట్లు అమ్ముడుపోయాయి కాబట్టి నడిచి ముగించండి. ఒక్కటే మాట. ఒక్కరే రండి. రెండో ఆవిడని తీసుకురాకండి. ఏ కాలో విరిగితే నా తలకి చుట్టుకుంటుంది. ఆవిడ అసలే మోకాలు ఈడుస్తున్నారు."

"మీరు చూశారా?" అన్నాను.

"చూడకేం? మొదటి రోజు నుంచీ చూస్తున్నాను. పెద్దావిడని అలా వెనక వదిలేసి నడుస్తారేంటండీ, మీరు మరీనూ!"

బయటికి వచ్చాక అమ్మాయి నా చెయ్యి పట్టుకుంది. ఉద్యోగం నిలిచింది. సంతోషం. ఇక నేను సాకుగా చెప్పుకోవడానికి ఏదీ మిగల్లేదు.

ఫిబ్రవరి 27, శుక్రవారం

పెద్ద వాన. టూరు రద్దు. ఇక రేపొక్కటే.

వాన చూస్తూ అమ్మాయి అంది: "రేపు ఆగాలనిపిస్తే ఆగమ్మా. వాళ్ళకి నేనేదో ఒకటి చెప్పుకుంటాను. అల్లడం నా వృత్తే కదా."

వృత్తి అన్న మాట ఇందులో రాసుకున్నానే గానీ దాని ముఖం మీద ఎప్పుడూ అనలేదు. నా మాటలు నాకే ఎలా అప్పజెబుతుందో.

ఫిబ్రవరి 28, శనివారం

వాన వెలిసింది. గట్టు బురదగా ఉంది. కూలిన గోడ దగ్గర చెప్పులు విప్పేశాను, జారతాయని. కళ్ళజోడు ఇంట్లోనే ఉంచాను. ఎలాగూ తిరగను.

మొదటి ఫిరంగి దాకా మామూలుగానే నడిచాను. నా నడక నాకే వినిపించింది, చప్ చప్ మని. రెండో చప్పుడు ఏదైనా ఉందేమోనని చెవులు రిక్కించాను. లేదు. ఉంటే బాగుండుననిపించింది. ఇన్ని రోజులు ఊళ్ళో వాళ్ళందరికీ కనిపించి, వినపడని మనిషికి కూడా వినిపించి, నాకొక్కదానికే ఏమీ లేదు. ఎవరికి ఎంత ఇవ్వాలో తెలిసిన మనిషి ఆవిడ.

రెండో ఫిరంగి దగ్గర ఆగాను.

ఆగడం ఇంత కష్టమని తెలియదు. కాళ్ళు ఆగాయి గానీ లోపలిది ఇంకా నడుస్తూనే ఉంది. వేదిక మీద గుసగుసలన్నీ ఒక్కసారి సద్దుమణిగాయి. గాలి కూడా లేదు. వంటింట్లో ఆవిడ నా వెనక నిలబడి, అననిదేదో నోట్లో పెట్టుకుని ఉన్నప్పుడు ఇలాగే ఉండేది. నేను గరిట తిప్పుతూ ఉండేదాన్ని. ఇప్పుడు చేతిలో గరిట కూడా లేదు.

ఏమనాలో ముందుగా అనుకుని వెళ్ళాను. పొద్దుటి నుంచీ లోపల చదువుకున్నాను. న్యాయంగా, ఎవరి తప్పు ఎంతో తూచి, నాది నేను ఒప్పుకుంటూ, ఆవిడది ఆవిడకి చెబుతూ. అందులో ఒక్క ముక్కా నోటికి రాలేదు.

"అత్తయ్యా, బురదగా ఉంది. చూసుకుని అడుగెయ్యండి" అన్నాను.

గట్టిగానే అన్నాను. వేదిక దాకా వినిపించే ఉంటుంది.

జవాబేమీ రాలేదు. వస్తుందని కూడా అనుకోలేదు. చెయ్యి కొంచెం వెనక్కి చాచి ఉంచాను, పట్టుకుంటే పట్టుకోవచ్చని. ఎవరూ పట్టుకోలేదు. అలా చాచి ఉంచే, మోకాలు నొప్పి ఉన్న మనిషి ఎంత మెల్లగా నడుస్తుందో అంత మెల్లగా నడిచాను. అంత మెల్లగా నడిస్తే ఆ గట్టు చాలా పొడుగు. ఇన్ని వారాలు నడిచి నేను చూడనివి అక్కడ చాలా ఉన్నాయి. ఫిరంగి నోట్లో వాన నీళ్ళు నిలిచాయి. ఒక పిట్ట అప్పుడే పుల్లలు మోసుకొస్తోంది, ఎంత దగ్గరకొచ్చిందంటే కళ్ళజోడు లేని నాకు కూడా కనిపించింది.

పొదల దగ్గర దారి ఇరుకు. అక్కడ ఒక పక్కకి ఒదిగి నిలబడ్డాను. "మీరు ముందు పదండి" అన్నాను. ఒక మనిషి దాటి వెళ్ళేంతసేపు ఆగి, తర్వాత దిగాను.

అమ్మాయి పరుగు పరుగున ఇంటికొచ్చింది, రొప్పుతూ.

"అమ్మా, ఇవాళ నేను వెనక్కి తిరిగి చూశానమ్మా, వాళ్ళేమన్నారో తెలుసా, నేనేం చూశానో..."

"చెప్పకు" అన్నాను.

"అది కాదమ్మా..."

"నువ్వు చూసింది నీది. కాళ్ళు కడుక్కుని రా, అన్నం పెడతాను."

మా ముగ్గురికీ పళ్ళేలు ఆయనే పెట్టారు.

మార్చి 2, సోమవారం

కాళ్ళు తుడుచుకునే పట్టాలు ఉతికాను. చెప్పులు గోడ దగ్గరే వదిలేసి వచ్చానని ఇవాళ గుర్తొచ్చింది. వెళ్తే గట్టుకి తాడు కట్టి ఉంది, అటు వెళ్ళకూడదట. పోనీలే అనుకుని వచ్చేశాను. బియ్యం అయిపోవచ్చాయి, రేపు తేవాలి.

అత్తయ్యకి నేను బాకీ పడ్డది: ఒక పిలుపు. ఇచ్చాను. చెల్లు.